నీలం చీటీ ఎలుకలు

పెద్ద వరద వచ్చిన తర్వాత మూడో ఏడు జరిగిందిది. మా పనివాళ్లం ఏళ్లు అలాగే లెక్కపెడతాం. వరదకి ముందు, వరదకి తర్వాత. క్యాలెండర్లు పై అంతస్తు వాళ్లకి.

నేను పనిచేసేది మందులు పరీక్షించే చోట. మనుషులకి ఇచ్చేముందు మందు ఎలుకలకి ఇచ్చి చూస్తారు. తెల్ల ఎలుకలు, ఎర్ర కళ్లు. మేత వెయ్యడం, నీళ్ల సీసాలు మార్చడం, పెట్టెలు కడగడం, అడుగున పొట్టు మార్చడం నా పని. ఎలుకల గది భవనం అడుగున ఉంది. ఏడు మెట్లు దిగాలి. కిటికీ లేదు. రెండు ఇనప ర్యాకులు, ఒకటి తలుపు పక్కన, ఒకటి లోపలి మూల. పక్కనే పెట్టెలు కడిగే గది.

ముందు వరద సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చెప్పినా లాభం లేదు.

ఆ సాయంత్రం గది మూసేముందు, నేల మధ్యలో తూము మూత కింద నీళ్లు గుడగుడమన్నాయి. మూత కొంచెం లేస్తోంది, పడుతోంది. నేను చూశాను. సూపర్‌వైజరు గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడి, "కానివ్వండి, దారులు మూసేస్తున్నారు" అన్నాడు. నేను పెట్టెలన్నిటికీ గడియలు పెట్టాను. కింది వరసల్ని ఎత్తి బల్లల మీద పెడదామన్న మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నాకు చిన్నప్పటినుంచీ మాట్లాడటం బరువు. తాళం వేసి వచ్చేశాను.

నాలుగో రోజు తెరిచాం. పై వరసలు బతికే ఉన్నాయి. కింది వరసల్లో ఇరవై నాలుగు పెట్టెలు. వాటిలో ఎలుకలన్నీ మూతల్ని కరుచుకుని ఉన్నాయి. ముక్కులు చువ్వల సందుల్లోంచి పైకి పెట్టి ఉన్నాయి. మూతల చుట్టూ ఉండే ప్లాస్టిక్కు అంచంతా పళ్ల గాట్లు.

మూతలు పారెయ్యలేదు. కడిగి వాడుకోమన్నారు. ఆ ఇరవై నాలుగూ నేనే నా వైపు పెట్టుకున్నాను. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

అప్పటినుంచి ఒకటి మొదలైంది. కడిగే గదిలో కుళాయి తిప్పి తొట్టిలో నీళ్లు పడుతుంటే, వెనక నుంచి గీరుతున్న చప్పుడు. గోళ్లతో ప్లాస్టిక్కు గీరితే ఎలా ఉంటుందో అలా. కుళాయి కడితే ఆగిపోయేది. తిప్పితే మళ్లీ. గొట్టంలో ఏదన్నా ఇరుక్కుందేమోనని విప్పి కూడా చూశాను. ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఏమంటారు, ఎలుకల గదిలో ఎలుకలు గీరవా అంటారు.

ఇంకొకటి కూడా మారింది. మా చోట ఎలుకని తోక దగ్గర పటకారుతో పట్టి ఎత్తుతారు. చివర్లకి రబ్బరు తొడిగిన పటకారు. నేనూ అలాగే ఎత్తేవాణ్ణి. వరద తర్వాత బతికినవాటిలో ఒకదాన్ని ఎత్తబోతే అది మూత చువ్వలు నాలుగు కాళ్లతో పట్టుకుని వదల్లేదు. పటకారు కింద పెట్టేశాను. చెయ్యి పెట్టెలో పెట్టి ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి అదే వచ్చి అరచేతిలోకి ఎక్కింది. ఇక నేను పటకారు ముట్టలేదు. కాగితం చుట్టల లోపలుండే అట్ట గొట్టాలు పై అంతస్తులో పారేస్తుంటే ఏరుకొచ్చి పెట్టెకొకటి పడేసేవాణ్ణి. వాటిలో దూరి పడుకునేవి. పని తెమలడం కొంచెం ఆలస్యమయ్యేది, అంతే. అడిగినవాళ్లు లేరు.

నాతోపాటు పనిచేసేవాడిని మేళం అంటారు. వాడున్నచోట చప్పుడుంటుంది కనక ఆ పేరు. రేడియో పెడతాడు. ఇనప చక్రాల బండిని గుమ్మం మీదనుంచి దడదడా దింపుతాడు. పటకారుతో పెట్టె మీద దరువు వేస్తాడు. మనిషి మంచివాడే. ఎలుక కరిస్తే తిట్టడు, వేలు చూపించి నవ్వుతాడు. "చూశావా అన్నా, దీనికి నేనంటే ఎంత ఇష్టమో." వాడి వేళ్లన్నీ గాట్లే. నన్ను కరిచి ఏళ్లయింది.

ఇంక ఇంటి సంగతి. నా భార్య పోయాక ఇంట్లో నేనూ, మా చెల్లెలూ. చెల్లెలికి పన్నెండో ఏటినుంచి మూర్ఛ. బట్టలు కుట్టేది. కుట్టు అంటే అదీ, వీధి వీధంతా తన దగ్గరికే వచ్చేది. మాత్రలు మొదలెట్టాక మూర్ఛ ఏడాదికి ఒకటో రెండో. కానీ ఆ మాత్రలకి చేతులు వణుకుతాయి, చిగుళ్లు వాస్తాయి, సగం రోజు మగతే. సూదిలో దారం ఎక్కదు. మిషను మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. ఇస్త్రీపెట్టె పెట్టుకోవడానికి అంత పెద్ద బల్ల ఎవరింట్లో ఉందే అనేది, తనలో తనే.

నోరు మాత్రం వణకదు.

"నీ సంసారం ఎలా ఉంది?" అనేది నేను ఇంటికి రాగానే.

"బానే ఉన్నాయి."

"వాటితోనన్నా మాట్లాడతావా?"

"ఊహూఁ."

"పాపం. ఏం పుణ్యం చేసుకుంటే దక్కాయో నీకు."

సరిగ్గా అప్పుడు మా చోటికి మూర్ఛ మందు వచ్చింది. డాక్టరమ్మ తెచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. నన్ను పెద్దాయనా అంటుంది. ఆ మందు విషం కాదని వేరే చోట్ల అప్పటికే తేల్చారట. పనిచేస్తుందా లేదా తేల్చాల్సింది మా గది.

దానికోసం ఒక జాతి ఎలుకలు తెప్పించారు. గట్టిగా గంట మోగితే అవి గిరగిరా పరుగెత్తి, పడిపోయి, కాళ్లు కొట్టుకుంటాయి. మూర్ఛే. ఇరవై నాలుగు పెట్టెలు, పెట్టెకి రెండు. పన్నెండు పెట్టెలకి నీలం చీటీ, పన్నెండింటికి తెల్ల చీటీ. ఒక రంగుకి మందు కలిపిన నీళ్లు, ఇంకో రంగుకి వట్టి నీళ్లు. ఏ రంగులో మందుందో మాకు చెప్పలేదు. చెప్పకూడదట. సీసాలు పైనే నింపి, రంగు చీటీ కట్టి పంపేవాళ్లు. నెలకోసారి ఎలుకల్ని పైకి తీసుకెళ్లాలి. అక్కడ ఒక తగరపు తొట్టి, దాని మూతకి కరెంటు గంట. ఒక్కోదాన్నీ తొట్టిలో దింపి నిమిషం సేపు గంట మోగిస్తారు. ఎన్ని పడ్డాయో డాక్టరమ్మ రాసుకుంటుంది. ఆమెకి మా గదికి రావలసిన పని లేదు.

మొదటి రోజు పెట్టెలు ర్యాకుల్లో ఎక్కించి ఉన్నాయి. ఒక నీలం, రెండు తెలుపు, మళ్లీ నీలం, కింద ఇంకోలా. మేళం నడుం మీద చెయ్యి వేసుకుని చూశాడు.

"ఏంటన్నా ఈ కలగాపులగం? ఒక సీసా అటూ ఇటూ అయిందంటే మన మెడకి చుట్టుకుంటుంది."

"ఊఁ."

"నీలమంతా నీ ర్యాకులో పెట్టేద్దాం. తెలుపంతా నా ర్యాకులో. కళ్లు మూసుకుని మార్చెయ్యొచ్చు."

నాకూ నచ్చింది. చదువుకుని చూసేకంటే రంగు చూసి చెయ్యడం సులువు. అరగంటలో సర్దేశాం. పొరపాటు జరక్కుండా మంచి పని చేశామనుకున్నాం. గోడకి గళ్లు గీసిన కాగితం ఒకటి అంటించి ఉంది. కడుగుడు వంతుల కాగితం అనుకున్నాం. దాని పైన మేకుంటే మేళం చొక్కా తగిలించుకున్నాడు.

అలా నీలం చీటీలవి లోపలి మూలకి, నా చేతికి వచ్చాయి. తెల్ల చీటీలవి తలుపు పక్కకి, బండి దగ్గరికి, రేడియో దగ్గరికి, పటకారు దగ్గరికి పోయాయి.

ఆరు నెలలు గడిచాయి. ఆరోసారి గంట మోగించినప్పుడు తెల్లవి ఇరవై నాలుగులో ఇరవై రెండు పడ్డాయి. నీలానివి నాలుగే. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పెద్దాయనా, ఇంకొక్కసారి గంట మోగించాలి కానీ, ఇక చెప్పొచ్చు. నీలానిదే మందు."

ఇంటికెళ్లి చెల్లెలికి చెప్పాను. అడక్కుండా నేను చెప్పిన మొదటి కబురు అదేనేమో. తను తన చేతుల వంక చూసుకుంది.

"చేతులు వణకవా?"

"ఎలుకలకి వణకలేదు."

"అవి కుట్టుపని చేస్తాయా ఏంటి?" అని నవ్వింది. నవ్వి లేచి వెళ్లి ఇస్త్రీపెట్టె కింద పెట్టింది. దుప్పటి తీసి దులిపింది. మిషనుకి నూనె వేసింది. చక్రం తిప్పి ఆ చప్పుడు విన్నది.

ఆస్పత్రిలో మనుషులకి మొదలుపెడతామన్నారు. చెల్లెలు వెళ్లి పేరు రాయించుకుంది. పాత మాత్రలు మానేసి కొత్తది వేసుకోవాలి. నెలన్నర ఆగితే చాలు.

అంతలో కడిగే గదిలో తడి నేల మీద మేళం జారిపడ్డాడు. మడమ ఎముక చిట్లింది. పడ్డప్పుడు కూడా పెద్ద చప్పుడు చేసే పడ్డాడు. నెలన్నర మంచం మీదే. రెండు ర్యాకులూ నాకే పడ్డాయి. నేను పటకారు ముట్టను కనక తెల్లవాటికీ చెయ్యే పెట్టాను. మొదట్లో కరిచాయి. రేడియో కట్టేశాను. బండి గుమ్మం దగ్గరే వదిలేసి పెట్టెలు చేత్తో మోశాను. అట్ట గొట్టాలు వేశాను. మూడు వారాలకి అవీ అరచేతిలోకి రావడం నేర్చాయి. నేనేదో తప్పు చేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఆఖరి గంట రోజు వచ్చింది. ముందు నీలానివి. మూడు పడ్డాయి. తర్వాత తెల్లవి. మొదటిది తొట్టిలో దింపాను. గంట మోగింది. అది తొట్టి అంచు వెంట వాసన చూసుకుంటూ నడిచింది. రెండోది ఒళ్లు నాక్కుంది. డాక్టరమ్మ గంట తట్టి చూసింది. బలం తగ్గిందేమోనని కొత్త గంట తెప్పించింది. చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇరవై నాలుగులో ఐదు పడ్డాయి.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"గంటకి అలవాటు పడిపోయాయి. ఏడు నెలలు కదా" అంది. నాతో కాదు, కాగితంతో అంది. అదే రాసింది.

పెట్టెలు కిందకి దింపాను. కడగడానికి కుళాయి తిప్పాను. గీరుడు మొదలైంది. ఆ రోజు వెనకనుంచి కాదు, నా చేతిలో ఉన్న మూతలోంచి వచ్చినట్టనిపించింది. మూత వదిలేశాను. నాకు తెలిసిపోయింది. అలవాటు పడింది గంటకి కాదు. మందున్నవీ, మందులేనివీ ఒకేలా ఉన్నాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. నా చెయ్యి.

చెప్పాలి. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. డాక్టరమ్మ మెట్ల దగ్గర రెండుసార్లు ఎదురైంది. "బావున్నారా పెద్దాయనా" అంది. తలూపాను. ఇంటికెళితే చెల్లెలు పాత గుడ్డముక్కల మీద సుద్దతో గీతలు గీస్తోంది, చెయ్యి అలవాటు చేసుకోవాలని. ఏం చెప్పను? ఆ ఒక్క మాటకి డాక్టరమ్మ మూడేళ్ల పని పోతుంది, మిషను మీదకి మళ్లీ దుప్పటి వస్తుంది. ఒకవేళ మందు నిజంగానే పనిచేస్తుందేమో. మందు గురించి నాకేం తెలుసు, నాకు తెలిసింది పొట్టు, మేత.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి వాకిట్లో కూర్చున్నాను. లోపల చప్పుడు. గీరుతున్నట్టు, టకటకా కొట్టుకుంటున్నట్టు. కుళాయి ఎక్కడా తిప్పి లేదు. వరదలో పోయిన ఎలుకలు ఇంటిదాకా వచ్చాయా అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, అందుకే వెంటనే లేవలేదు. ఎన్ని క్షణాలు కూర్చుండిపోయానో చెప్పలేను.

లోపల చెల్లెలు మిషను పక్కన పడి ఉంది. మడమలు నేలకి కొట్టుకుంటున్నాయి. గోళ్లు మిషను చెక్కని గీరుతున్నాయి. తల ఇనప తొక్కుడు పలక మీద పడింది, కనుబొమ పక్కన చీరుకుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆగాక, తుడవడానికి గుడ్డ కోసం మిషను సొరుగు లాగాను. సొరుగులో మాత్రలు. పొద్దుటివీ రాత్రివీ, నేను చేతిలో పెట్టినవన్నీ, పదకొండు రోజులవి. దారపు ఉండల మధ్య వరసగా పెట్టి ఉన్నాయి.

మెలకువ వచ్చాక అడిగాను. "ఎందుకిలా?"

"కొత్తది వచ్చేలోపు ఒంట్లోంచి ఇది పోవాలి కదన్నయ్యా" అంది. నాలుక తడబడుతోంది. "నిన్న దారం ఎక్కింది. ఒక్కసారికే ఎక్కింది, తెలుసా."

సోమవారం మెట్లు దిగకుండా మెట్లెక్కాను. డాక్టరమ్మ గది తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏం పెద్దాయనా, సెలవు కావాలా?"

"కాదమ్మా. ఆ మందు పనిచెయ్యదేమో."

నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. నాకు ఒక వరసలో చెప్పడం రాదు. పటకారు నుంచి మొదలెట్టాను, మళ్లీ వెనక్కెళ్లి వరద చెప్పాను, మూతలు చెప్పాను, రేడియో చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"చేత్తో పట్టుకుంటే మూర్ఛ తగ్గుతుందా? అలా అయితే మేమంతా ఎందుకు?"

"తగ్గుతుందని కాదమ్మా. బెదిరినవి త్వరగా పడతాయేమోనని."

"బెదిరితే రెండు రంగులూ బెదరాలి కదా. పెట్టెలు కలిపే ఉన్నాయి కదా?"

"మీరే వచ్చి చూడండమ్మా" అన్నాను. ఆమె కిందకి వచ్చింది. నేను చూస్తుండగా ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదలు. లోపలి మూలంతా నీలం, తలుపు పక్కంతా తెలుపు. అలా చూస్తూ నిలబడింది.

"ఎవరు సర్దారు ఇలా?"

"మేమేనమ్మా."

"ఎందుకు?"

"పొరపాటు జరక్కూడదని."

గోడ మీద కాగితం దగ్గరికి వెళ్లింది. మేళం చొక్కా ఇంకా మేకునే ఉంది. పక్కకి తప్పించింది. "ఏ పెట్టె ఎక్కడుండాలో చీట్లు వేసి తీశాను. రెండు రోజులు పట్టింది. ఇదేమనుకున్నారు మీరు?"

"కడుగుడు వంతులు."

కేకలు వేస్తుందనుకున్నాను. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. "తప్పు నాదే. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఈ మెట్లు దిగలేదు" అంది. తలుపు పక్క పెట్టెల వైపు తిరిగి, "జంతువు బెదిరి ఉంటే అది చెప్పేది మందు సంగతి కాదు, బెదురు సంగతి. అది చదువుకున్నదాన్నే" అంది.

తర్వాత లేచి, ఏం చెయ్యాలో చెప్పింది. నీలంలో ఆరు పెట్టెలు తలుపు పక్కకి మార్చాలి. వాటికి మందు నీళ్లు ఆపకూడదు. మిగతా అంతా మేళం చేసినట్టే చెయ్యాలి, పటకారు, బండి, రేడియో. తెల్లవాటిలో ఆరు లోపలి మూలకి మార్చి, చేత్తో చూసుకోవాలి. పది రోజులు. మిగిలిన పెట్టెలు ఉన్నచోటే ఉంటాయి.

"పటకారు ఎవరు పట్టాలమ్మా? మేళం లేడు కదా."

ఆమె నా వంక చూసింది. జవాబు ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పటకారు వెతికి తీశాను. నీలంలో ఒకదానికి ఎడమ చెవి కోసుకుపోయి ఉంటుంది. కోతచెవిది అనుకునేవాణ్ణి మనసులో. మూత తియ్యగానే అన్నిటికంటే ముందు అదే వస్తుంది. ఆ రోజూ వచ్చింది. ముందు కాళ్లు పెట్టె అంచు మీద పెట్టి నా చెయ్యి కోసం చూసింది. పటకారుతో తోక పట్టి ఎత్తాను. అది అరిచింది. గాలిలో మెలికలు తిరిగి నా చేతివైపే రావడానికి చూసింది. రేడియో పెద్దది చేశాను.

మూడో రోజు మూత తీస్తే కోతచెవిది అట్ట గొట్టం ఉండే చోటికి వెళ్లింది. గొట్టం నేనే తీసేశాను కదా. ఆ ఖాళీలో కూర్చుంది. ఆరో రోజు నా వేలు కరిచింది. మేళం చూపించినట్టు ఎవరికీ చూపించలేదు.

ఆ పది రోజులూ కుళాయి తిప్పినా గీరుడు వినిపించలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. వరదలో పోయినవి నన్ను చూస్తూ ఊరుకున్నట్టుండేది.

ఇంట్లో చెల్లెలి మాత్రలు నా ఎదుటే మింగించాను. "పోలీసువా?" అనేది. మింగేది. కొత్త మందు మొదలుపెట్టే ఒకటో తారీఖుకి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టేది. నేను చెప్పలేదు. తేలాక చెబుదామనుకున్నాను.

పదో రోజు పన్నెండు నీలానివీ, పన్నెండు తెల్లవీ పైకి తీసుకెళ్లాను. నీలానివి పన్నెండులో పది పడ్డాయి. కోతచెవిది మొదటి రెండు చుట్లకే పడింది. తెల్లవి రెండే పడ్డాయి. ఆఖరిది తీసి పెట్టెలో పెట్టాను. డాక్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

"గంట ఆపండి పెద్దాయనా."

"ఆపేశానమ్మా."

"మోగుతున్నట్టే ఉంది."

తర్వాత నా ముందే ఆస్పత్రికి ఫోను చేసింది. మందు ఇవ్వొద్దని చెప్పింది. అవతలివాళ్లు ఏదో చాలాసేపు అన్నారు. "నేనే మళ్లీ మొదట్నుంచి చేస్తాను" అంది. "పెట్టెలు నేనే సర్దుతాను. పటకార్లు ఉండవు." ఫోను పెట్టేసి కాగితాలన్నీ దొంతర పెట్టింది. ఒక్కటి కూడా చింపలేదు. ఆ పడిన పది ఎలుకల సంఖ్య కూడా గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు వాకిట్లోనే ఉంది. ఆస్పత్రి నుంచి కబురు ముందే వచ్చింది.

"మందు లేదట" అంది.

"ఊఁ."

"ఎవరో కిందివాళ్లు చెప్పారట, ఎలుకల్ని చూసేవాళ్లు."

"నేనే."

కనుబొమ పక్కన గాయం అప్పటికి ఎండి నల్లగా ఉంది. దాన్ని గోటితో గీరింది.

"నీ నోట్లోంచి మాట రావడమే గగనం. వచ్చిన ఒక్క మాటా నా మందు మీదేనా?"

"అది పనిచెయ్యదే."

"పనిచెయ్యకపోతే నేను పడేదాన్ని. పడటం నాకు కొత్తా? ఒక నెల కుట్టుకుని పడేదాన్ని కదా అన్నయ్యా."

వరదలో ఎలుకలన్నీ మూతలకి అంటుకుని ఉండటం తనకి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామనుకున్నాను. తను లోపలికి వెళ్లింది. దుప్పటి దులిపిన చప్పుడైంది. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె పెట్టిన చప్పుడు.

మర్నాడు పొద్దున మాత్ర, గ్లాసులో నీళ్లు తీసుకెళ్లి తన మంచం పక్కన పెట్టాను. అటు తిరిగి పడుకుంది. మెలకువగానే ఉందని తెలుసు. ఆ పది రోజులూ తను మింగగానే వెళ్లిపోయేవాణ్ణి. ఆ రోజు నేల మీద కూర్చున్నాను. వరద రోజు తూము మూత లేచి పడటం నుంచి మొదలెట్టి చెప్పాను. వరస తప్పింది, మళ్లీ వెనక్కి వెళ్లాను. తను ఇటు తిరగలేదు. చెప్పడం అయ్యాక చెయ్యి ఒక్కటి వెనక్కి వచ్చింది, వణుకుతూ. మాత్ర తడిమి తీసుకుంది. నీళ్లు సగం దుప్పటి మీద ఒలికాయి. మింగింది. నేను లేచి పనికి వెళ్లాను.

కుళాయి తిప్పాను. గీరుడు వినిపించింది. కట్టెయ్యలేదు. వేళ్ల మీద పటకారు రబ్బరు వాసన పోయేదాకా రుద్ది కడుక్కున్నాను. అది అలా గీరుతూనే ఉంది, నేను కడుక్కుంటూనే ఉన్నాను. ఆ ఆరు నీలం పెట్టెల్నీ తిరిగి లోపలి మూలకి మార్చాను. అట్ట గొట్టాలు పెట్టాను. కోతచెవిదాని పెట్టె మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, స్టూలు మీద కూర్చున్నాను.

పది దాటాక మెట్ల మీద కర్ర చప్పుడు. మేళం. ఆ రోజే పనికి వచ్చాడు. ఇనప బండి చేత్తో అందుకోబోయాడు. నేను రెండో చెయ్యి ఎత్తాను. ఆగాడు. గుమ్మంలోనుంచి నన్నూ, పెట్టెనీ చూశాడు.

"ఎంతసేపటినుంచన్నా?" అన్నాడు. వాడి గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు తెలీదు.

"కూర్చో" అన్నాను.

కర్ర గోడకి నెమ్మదిగా ఆనించి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. కోతచెవిది ఎదుటి మూలలో ఉంది. నా చెయ్యి పెట్టినచోటే ఉంచాను.